గంగులయ్య కాపలా కాసిన పదమూడు కొవ్వొత్తులు

మా గంగులయ్య చేసే ఉద్యోగం ఏమిటో చెబితే మీకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. ఆయన ఉద్యోగం నిలబడటం. కువైట్‌లో, అహ్మదిలోని చమురు కంపెనీ ఆవరణలో ఎక్కడ వెల్డింగు జరిగితే అక్కడ ఎర్ర కోటు తొడుక్కుని, పక్కన మంటలార్పే సిలిండరు పెట్టుకుని, రవ్వలు ఎటు పడుతున్నాయో చూస్తూ నిలబడాలి. కూర్చోకూడదు. ఫోను తియ్యకూడదు. పక్కవాడితో కబుర్లు చెప్పకూడదు. దాన్ని ఫైర్ వాచ్ అంటారట. పద్నాలుగేళ్ళుగా ఆయన చేస్తున్నది అదే.

"జీతమిచ్చి మనిషిని ఊరికే నిలబెడతారా?" అని మొదట్లో నేనంటే మావారు వరప్రసాద్‌కి కోపం వచ్చింది. ఆయన అక్కడే మెయింటెనెన్సు ఇంజనీరు. "ఆయన నిలబడబట్టే అలివేలూ, మేమంతా సాయంత్రం ఇళ్ళకొస్తున్నాం. తెలియకపోతే ఊరుకో" అన్నారు. నేను ఊరుకునే మనిషిని కాదని ఆయనకి పద్దెనిమిదేళ్ళుగా తెలుసు.

గంగులయ్యది అన్నమయ్య జిల్లాలో చిట్వేలి దగ్గర పల్లె. ముప్పయ్యో ఏట కువైట్ వచ్చాడు. మొదట జహ్రాలో ఒక కువైటీ ఇంట్లో తోటపని, డ్రైవరు పని కలిపి తొమ్మిదేళ్ళు చేశాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు; ఇఖామా కాగితం ఇంకో కంపెనీ పేరుకి మార్చుకుంటానంటే అడ్డు పెట్టలేదు. అక్కణ్ణించి కంట్రాక్టు కంపెనీకి మారాడు. ఇప్పుడు యాభై మూడు. మహబూలాలో మా వీధికి రెండు వీధుల అవతల ఎనిమిదిమంది కలిసి ఉండే ఫ్లాట్‌లో ఉంటాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సెక్కుతాడు. పనిచేసే చోటికి అగ్గిపెట్టె తీసుకుపోకూడదని బీడీ మానేశాడు. బీడీ మానేశాక అగ్గిపుల్ల గీసే అవసరమే రాలేదట, వంట చిన్నపుల్లయ్య చూసుకుంటాడు కాబట్టి. అదే గదిలో ఉండే ఆ చిన్నపుల్లయ్య ఆయన్ని ఆటపట్టిస్తాడు. "మేం పొయ్యి ముట్టిచ్చినా ఈయప్ప ఎనకాల వచ్చి నిలబడతాడు మేడమ్, మేమేదో కొంప కాల్చేటోళ్ళ మాదిరి" అంటాడు.

మూడేళ్ళ కిందట మా వంటింట్లో గ్యాసు వాసన వస్తోందని మావారు ఆయన్ని తీసుకొచ్చారు. గొట్టం మార్చాడు. సబ్బు నురగ రాసి చూశాడు. టీ ఇస్తే పని అయ్యేదాకా ముట్టనన్నాడు. పని అయ్యాకైనా ఊరుకున్నాడా, తిన్నగా పూజ అలమర దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"ఏంది మేడమ్ ఇది? కర్టెను కాడ దీపం పెడితే దేముడైనా ఏం జేస్తాడు?"

నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో నా దేవుడి దీపానికి వంకపెడతాడా అనుకున్నాను. ఆయన వెళ్ళిపోయాక మాత్రం కర్టెను తీసేశాను. ఆ తర్వాత ప్రతి శుక్రవారం రావడం అలవాటైంది. కారణం నేను కాదు, మా అమ్మాయి నిత్య. ఫైర్ వాచ్ కార్డు నిలుపుకోవాలంటే ఇకనుంచి ఏటా ఇంగ్లీషులో పరీక్ష రాయాలని ఆ ఏడే కొత్తగా రూలు పెట్టారు. ఆయన చదువు ఏడో తరగతి. అప్పటికి పదేళ్ళున్న మా పిల్ల ఆయన్ని డైనింగ్ టేబుల్ ముందు కూర్చోబెట్టి, స్కేలు పట్టుకుని పాఠం చెప్పింది. పరీక్ష పాసయ్యాడు. "మా టీచరమ్మ పాస్ చేయించింది" అని ప్లాంటులో అందరికీ చెప్పుకున్నాడట. మూడేళ్ళుగా మూడు పరీక్షలు, మూడూ పాసే.

ఇక అసలు సంగతి. నిత్యకి పదమూడు నిండుతున్నాయి, ఓణీల వేడుక చేద్దామనుకున్నాం. ఫహాహీల్‌లో ఒక హోటలు హాలు కుదిరింది. శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలతో సహా. అంతా సవ్యంగా నడుస్తుండగా మా పిల్ల ఫోను పట్టుకుని వచ్చింది. అందులో ఎవరో యూదుల అమ్మాయి. దానికీ పదమూడే. వాళ్ళలో పిల్ల ఆ వయసుకు వచ్చిందంటే ప్రార్థన చదివించి, తర్వాత విందు చేస్తారట. విందులో బల్ల మీద పదమూడు కొవ్వొత్తులు. పిల్ల మైకు పట్టుకుని ఒక్కొక్కరి గురించి రెండు లైన్ల కవిత చదివి పిలుస్తుంది. వాళ్ళు వచ్చి ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు.

"నాకు ఇది కావాలి" అంది నిత్య.

"మనకి దీపాలు కరువొచ్చాయా తల్లీ? పరాయివాళ్ళ వేడుక మనకెందుకు?"

"అమ్మా, మన ఫంక్షన్‌లో నేనేం చేస్తాను చెప్పు? కుర్చీలో బొమ్మలా కూర్చుంటాను. అందరూ వచ్చి అక్షింతలు వేసి, ఫోటో దిగి, భోజనానికి పోతారు. నేను ఒక్క మాటైనా మాట్లాడతానా? ఈ అమ్మాయిని చూడు. తనకి కావలసినవాళ్ళని తనే పిలుస్తోంది."

నా వేడుకలో నేనూ అలాగే కూర్చున్నాను, మెడ నొప్పి తప్ప ఇంకేం గుర్తులేదు. అయినా వెంటనే ఒప్పుకుంటే నేను అలివేలుని ఎలా అవుతాను? రెండు రోజులు గొణిగాను. సాల్మియాలో ఉండే మా మరిది సుజిత్ భార్య రమాదేవి ఫోనులో నవ్వింది. "కేకు మీద కొవ్వొత్తులు పెట్టి ఊదించినప్పుడు లేని పట్టింపు ఇప్పుడెక్కణ్ణించి వచ్చిందక్కా?" అంది. దాంతో ఒప్పుకున్నాను. కాకపోతే ఒక షరతు పెట్టాను. ఊదడం లేదు. శుభమా అని వెలిగించి ఉఫ్ అని ఆర్పడం నా ప్రాణం పోయినా కుదరదు. వాటంతటవి కొండెక్కాలి. నిత్య సరేనంది. పొట్టి కొవ్వొత్తులు వెతుక్కొచ్చింది.

హాలు మేనేజరు మొదట ఒప్పుకోలేదు. "మస్‌ఊల్ ఎవరు?" అన్నాడు. అంటే బాధ్యత ఎవరిది అని. మంట దగ్గర తెలిసిన మనిషి ఒకడు నిలబడాలి, లేకపోతే ఖలాస్, కొవ్వొత్తుల్లేవు. కువైట్ మొత్తంలో మాకు ఆ పనికి మనిషిని వెతుక్కోవాల్సిన అవసరం లేదు కదా.

చెప్పగానే గంగులయ్య ముఖం వెలిగిపోయింది. మరుసటి శుక్రవారం కాగితాలతో వచ్చాడు. ప్లాంటులో నిప్పుతో పని చెయ్యాలంటే పర్మిట్ రాయాలి. మా వేడుకకీ పర్మిట్ రాసుకొచ్చాడు, ఇంగ్లీషులో. పని పేరు అన్నచోట 'పాప ఓణీ' అని ఉంది. కింద బొమ్మ గీశాడు. పదమూడు చుక్కలు, చుక్కకీ చుక్కకీ జానెడు ఎడం. వెనక తెర ఎంత దూరం, ఏసీ గాలి ఎటు, ఇసుక బకెట్టు ఎక్కడ, తడిపిన గోనెపట్టా ఎక్కడ, అన్నీ ఉన్నాయి.

"పాప పైట చెంగు మూడు పిన్నీసులు పెట్టి కుట్టినట్టు ఉండాల మేడమ్. జడకు పూలు సరే, ఆ కుచ్చులు మాత్రం వద్దు. ఆడోళ్ళు వెలిగిచ్చేటప్పుడు కొంగు దోపుకోవాల. ఒగరు దిగినాకే ఇంకొగరు ఎక్కాల."

"ఇదేమైనా చమురు ట్యాంకా గంగులయ్యా? పిల్ల వేడుక."

"ట్యాంకైతే ఇంకొగటి కట్టుకోవచ్చు మేడమ్" అన్నాడు.

తర్వాత ఏ కొవ్వొత్తి ఎవరిదో చెప్పమన్నాడు, ఎటు నుంచి ఎవరు ఎక్కాలో రాసుకోవాలట. నేను జాబితా తీశాను. ఆ జాబితా సంగతి చెప్పాలంటే నాకిప్పుడు సిగ్గుగా ఉంది. కువైట్‌లో మాకున్న బంధువులు సుజిత్, రమాదేవి. మిగతావన్నీ నేను పెద్దమనుషులతో నింపాను. మావారి మేనేజరు, డాక్టరమ్మ గారు, అసోసియేషన్ వాళ్ళు. తాంబూలం ఎవరికి ముందు, ఎవరికి వెనక అని ఆలోచించినట్టే వరస వేశాను. నిత్యకి నాలుగు మాత్రం వదిలాను, స్నేహితురాళ్ళకీ టీచరుకీ. అది అలిగి రెండు పూటలు అన్నం తినలేదు.

గంగులయ్య వేలు పెట్టి చదువుకుంటూ చివరికి వచ్చాడు. "మేనమామ కొవ్వొత్తి ఎవరిది మేడమ్?"

ఓణీ వేడుకలో మేనమామ లేకపోతే ముక్కు లేని ముఖమే. ఓణీ ఇవ్వాల్సింది ఆయనే, పీట మీద కూర్చోబెట్టాల్సింది ఆయనే. నాకు అన్నదమ్ములు లేరు, ఒక్క అక్క. అందుకని అసోసియేషన్ ప్రెసిడెంటు నాగేంద్రప్రసాద్ గారు "నేనున్నానుగా అమ్మా" అన్నారు. కువైట్‌లో మేనమామ లేని పిల్లలందరికీ ఆయనే మేనమామ, కండువా కారులోనే పెట్టుకుని తిరుగుతారు. హాలు ఇప్పించింది కూడా ఆయనే. అందుకని ఓణీ పళ్ళెమూ ఆయనకే, పదమూడో కొవ్వొత్తీ ఆయనకే.

"మంచిది" అన్నాడు గంగులయ్య. కాసేపు కాగితం మీద చుక్కలు దిద్దాడు. తర్వాత తనే చెప్పాడు. "నాకు ఇద్దరు చెల్లెండ్లు మేడమ్. నలుగురు మేనగోడండ్లు. నాలుగు ఫంక్షన్లు జరిగినాయి. ఒక్కదానికీ పోలేదు. ఎప్పుడడిగినా షట్‌డౌన్ పనులుండాయి, లీవ్ లేదనేటోళ్ళు. చీరలు మాత్రం ఇంటికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపించినా. మా చిన్నాయన కొడుకు నిలబడి ఇచ్చినాడు. ఫోటోలో చీర నాదే, చెయ్యి వేరేవాళ్ళది."

ఏడుపు గొంతుతో చెప్పలేదు. బస్సు ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పాడు. "ఆఖరిదానికి కూడా అయిపొయ్యింది. ఇంక నాకు మేనగోడండ్లు లేరు" అని కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నాకు జాలేసింది, అబద్ధం చెప్పను. కానీ ప్రెసిడెంటు గారికి మాటిచ్చాను. నూటఇరవై మంది ముందు ఆయన్ని కాదంటే ఏమైనా ఉందా? పరువు పోదూ? ఆయన వెళ్ళగానే నిత్య నా మీదకి వచ్చింది.

"అమ్మా, పదమూడోది గంగులయ్య అంకుల్‌కి ఇద్దాం."

"నోరు మూసుకో. పెద్దవాళ్ళతో గొడవ నీకేం తెలుసు?"

"ఆయన వెలిగిస్తే ఏమవుతుంది?"

"ఆయన పని కాపలా. ఎవరి పని వాళ్ళు చేస్తే చాలు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. నిత్య నన్ను ఒకలా చూసి గదిలోకి వెళ్ళిపోయింది, ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు. ఒప్పుకుందిలే అనుకున్నాను.

వేడుక నాడు గంగులయ్య అందరికంటే ముందు హాలుకి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన తల. వేదిక ఎడమ పక్కన ఎర్ర సిలిండరు, ఇసుక బకెట్టు, తడి గోనెపట్టా. పూల అలంకారం చేసేవాళ్ళు "ఇదేంటి అసహ్యంగా" అంటే బంతిపూల దండ ఒకటి సిలిండరు మెడకి చుట్టాడట. మా బంధువుల కన్నా అదే బాగా ముస్తాబైందని రమాదేవి అంది.

పీట మీద కూర్చోబెట్టడం, ఓణీ పళ్ళెం ఇవ్వడం నాగేంద్రప్రసాద్ గారి చేతుల మీదుగా జరిగాయి. నిత్య లోపలికి పోయి ఆకుపచ్చ ఓణీ వేసుకుని వచ్చేసరికి నాకు కళ్ళు చెమర్చాయి. దీపాలు తగ్గించారు. పిల్ల మైకు అందుకుంది. మొదటి కొవ్వొత్తి మా ఇద్దరిదీ. తర్వాత పిన్నీ బాబాయిలది.

"రమాదేవి పిన్ని చేసిన సున్నుండ, తింటూ తింటూ నేనే అయ్యానొక ఉండ!"

హాలంతా గొల్లుమంది. భయపడుతుందేమో అనుకున్న పిల్ల ఎంత ధీమాగా మాట్లాడిందో! మేనేజరు గారికీ, డాక్టరమ్మకీ కూడా నవ్వుకునేలా రెండేసి లైన్లు రాసుకుంది. అందరూ గంగులయ్య గీసిన బొమ్మ ప్రకారమే కుడి నుంచి ఎక్కి, కొంగులు దోపుకుని వెలిగించి, ఎడమ నుంచి దిగారు. పన్నెండు మంటలు నిటారుగా నిలబడ్డాయి. నేను ముందు వరసలో గర్వంగా కూర్చున్నాను. పక్కన నాగేంద్రప్రసాద్ గారు కండువా సర్దుకున్నారు.

నిత్య నావైపు ఒకసారి చూసి, చేతిలో కాగితం మడిచేసింది.

"అందరూ నన్ను చూస్తుంటే ఒక్కరు మాత్రం మంటనే చూస్తున్నారు. నా చెంగు అంటుకోకుండా పొద్దుటి నుంచీ కాస్తున్నారు. మా అమ్మకి అన్నయ్య లేడంటారు, నేను ఒప్పుకోను. గంగులయ్య మావయ్యా, పదమూడోది మీది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. లేవబోయిన ప్రెసిడెంటు గారు సగంలో ఆగి కూర్చున్నారు. తలలన్నీ ఎడమ పక్కకి తిరిగాయి. గంగులయ్య కదల్లేదు. వినపడలేదేమో అనుకుని నిత్య మళ్ళీ పిలిచింది. ఆయన మంటల మీంచి చూపు తిప్పకుండానే తల అడ్డంగా ఊపాడు.

"నేను రాలేను పాపా."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నిత్య చేతిలో వెలిగించే కొవ్వొత్తి కరిగి వేళ్ళ మీదకి కారుతోంది. నాకు ముందు దాని మీద కోపం వచ్చింది, చెప్పిన మాట వినలేదని. తర్వాత ఆయన మీద వచ్చింది, పిల్ల పిలిస్తే రాడా అని. లేచి గబగబా వెళ్ళాను.

"ఏంటయ్యా ఇది? అంతమందిలో పిల్ల పిలుస్తుంటే వెళ్ళవేం?"

"యెట్ల పోవాల మేడమ్?" అన్నాడు చిన్నగా. "పన్నెండు మండుతాండాయి. ఇంకో మనిషి వచ్చి నా తావున నిలబడేదాంక నేను కదలగూడదు. పాప పిలిచినా అంతే. నాకు మాత్రం పోవాలని ఉండదా?"

అప్పుడు చూశాను. ఆయన చెయ్యి సిలిండరు పిడి మీదే ఉంది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి, వాటిని తుడుచుకోవడానికి కూడా మంటల మీంచి చూపు మరల్చడం లేదు. ఎవరి పని వాళ్ళు చేస్తే చాలని నేనన్న మాటే ఆయన చేస్తున్నాడు. నా కోపం మొత్తం తిరిగి నా మీదకే వచ్చింది. పరువట, పరువు!

"జరుగు. నేను నిలబడతాను" అన్నాను.

"పట్టుచీరతోనా?"

కొంగు నడుములో బిగించి దోపాను. "ఏం చెయ్యాలో చెప్పు."

ఆయన నవ్వలేదు. కొత్తగా పనిలో చేరినవాడికి చెప్పినట్టు చెప్పాడు. "మనుషుల్ని చూడొద్దండి. మంటనే చూడండి. ఎడమ పక్క మూడోది ఏసీ గాలికి ఒరుగుతాంది, దాని మీద కన్నుండాల. పాప చెంగు మీద ఇంకో కన్ను. అన్నీ కొండెక్కినాక కూడా ఇంకో అరగంట ఈడనే ఉండాల. ఎవురు పిలిచినా పోవొద్దండి. చూసుకుంటానని నోటితో చెప్పండి."

"చూసుకుంటాను."

అప్పుడు గానీ పిడి మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆయన వేదిక ఎక్కడం నేను చూడలేదు. మనుషుల్ని చూడొద్దన్నాడు కదా. చెప్పులు విడిచిన చప్పుడు విన్నాను. "ఏ చేత్తో పాపా?" అని అడగడం, "కుడి చేత్తో మావయ్యా" అని నా కూతురు చెప్పడం విన్నాను. మూడోది ఒరిగింది, మళ్ళీ లేచింది. అప్పుడు నా చూపు చివర ఇంకో మంట తలెత్తింది. చప్పట్లు మొదలయ్యాయి. మొదట కొట్టింది నాగేంద్రప్రసాద్ గారేనని తర్వాత రమాదేవి చెప్పింది. ఆయన గురించి నేను అనుకున్నవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను, కండువా సంగతి తప్ప.

నిత్య ఆయన కాళ్ళకి దండం పెట్టిందట. ఆయన వేసిన అక్షింతలు సగం కింద పోయాయట. నాకవేమీ తెలియవు, నేను పదమూడు మంటల్ని చూస్తున్నాను. కాసేపటికి పక్కన మసకగా తెల్ల చొక్కా కనపడింది.

"ఇంక ఇయ్యండి మేడమ్. మీ చుట్టాలు కనిపెట్టుకోనుండారు."

"ఇవ్వను. నువ్వు వెళ్ళి మొదటి బంతిలో కూర్చో అన్నా. మేనమామ కూర్చోకుండా వడ్డన మొదలుపెట్టరు."

ఆయన వెళ్ళలేదు. అన్నా అన్న మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు, ఆయనకేం తెలుస్తుంది!

"మూడోది ఒరుగుతాంది. చూస్తాండావా చెల్లెమ్మా?"

"చూస్తున్నాను. నువ్వెళ్ళి అన్నం తిను."